గడువు లేని పద్దు

నెల మొదటి వారంలో మధ్యతరగతి ఇంటి లెక్కల పుస్తకం తెరిస్తే, అది పాత డైరీ అయినా, పిల్లల నోటుబుక్కులో మిగిలిపోయిన వెనక పేజీలైనా, వరుస ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైన అద్దె. దాని కింద స్కూలు ఫీజు, వ్యాను, పాలు, కరెంటు, గ్యాసు, బండి వాయిదా, ఊళ్ళో పెద్దవాళ్ళకు పంపేది, బీపీ మాత్రలు. అన్నిటికన్నా అడుగున, ఒక్కోసారి కూడిక గీత గీసేశాక గుర్తొచ్చి రాసినట్టుగా, ‘ఇల్లు’ అని ఒక్క మాట, పక్కన ఒక అంకె. కొన్ని నెలల పేజీలు వరసగా తిప్పితే ఒక వింత కనిపిస్తుంది. పై పద్దులు పెరగడమే తప్ప తగ్గవు. అడుగు పద్దు మాత్రం ఒక నెల 10,000, మరో నెల 6,000, బడులు తెరిచే జూన్‌లో సున్న. ఇంటి మీద కోరిక జూన్‌లో తగ్గుతుందా? తగ్గదు సరికదా, అద్దె పెంచుతామన్న కబురు కూడా ఆ నెలలోనే వస్తే ఇంకాస్త పెరుగుతుంది. తేడా మరెక్కడో ఉంది. పై పద్దుల్లో ప్రతిదానికీ ఒక తేదీ ఉంది, ఆ తేదీ దాటితే అడిగే మనిషి ఉన్నాడు. 5వ తేదీ దాటితే ఓనరు మెట్ల దగ్గర ఎదురై ఎండల గురించి మాట్లాడతాడు. ఫీజు కట్టకపోతే బడి నుంచి మెసేజి వస్తుంది. ‘ఇల్లు’ పద్దు ఈ నెల ఎందుకు కట్టలేదని అడగడానికి లోకంలో ఎవరూ లేరు.

అసలు ఎంత దాచాలన్న దగ్గరే మొదటి తికమక. బ్యాంకులో దీన్ని మార్జిన్ మనీ అంటారు, బిల్డరు ఆఫీసులో డౌన్ పేమెంట్ అంటారు, ఇంట్లో ‘మన చేతినుంచి పెట్టుకోవాల్సింది’ అంటారు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్న మాటను నిదానంగా చదువుకోవాలి, బ్యాంకు అంతకన్నా తక్కువా ఇవ్వొచ్చు. హైదరాబాదు శివారులో 50 లక్షల ఫ్లాట్ అనుకుంటే బ్యాంకు ఇచ్చేది 40, పెట్టుకోవాల్సింది 10. చాలా ఇళ్ళ పుస్తకాల్లో లక్ష్యంగా పడేది ఈ 10 లక్షలే. అక్కడే పొరపాటు. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. 10 లక్షల లోపు ఇళ్ళకు మినహాయింపు ఉంది గాని, అంత చవక ఇల్లు ఏ నగరంలో దొరుకుతుందో చెప్పేవారు లేరు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1 అని విడదీస్తారు, మొత్తం మళ్ళీ అదే 7.5. అంటే 50 లక్షల మీద 3,75,000. ఇల్లు ఇంకా కడుతూ ఉంటే జీఎస్టీ 5 శాతం, మరో రెండున్నర లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చిన ఇంటికి ఆ పన్ను లేదు. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా హైదరాబాదులో 60 చదరపు మీటర్ల లోపు, విజయవాడ, వరంగల్లు వంటి చోట్ల 90 లోపు అయితే ఒక్క శాతమే. 60 చదరపు మీటర్లంటే దాదాపు 645 చదరపు అడుగులు. ఇద్దరు పిల్లలు, అప్పుడప్పుడూ వచ్చి నెల రోజులుండే అత్తగారు అందులో ఎలా సర్దుకోవాలో పన్ను పట్టిక చెప్పదు. ఏమైనా 10 అనుకున్నది 16,25,000 అయి కూర్చుంది. అయిదో వంతు అనుకున్నది మూడో వంతుకు వచ్చింది. వుడ్ వర్క్, మెష్ తలుపులు, అసోసియేషన్ కార్పస్ ఇంకా లెక్కలోకి రానేలేదు.

పాత ఫ్లాట్ కొంటే మరో చిక్కు. అమ్మే మనిషి 50కి బేరం ఒప్పుకుని, కాగితం మీద 35 చూపిద్దాం, 15 చేతికివ్వండి అంటాడు. స్టాంపు ఖర్చు మీకే మిగులుతుంది కదా అని నచ్చజెబుతాడు. నిజమే, 15 లక్షల మీద 7.5 శాతమంటే 1,12,500 మిగులుతుంది. కానీ బ్యాంకు చూసేది కాగితం. అదే 80 శాతం లెక్కన ఇచ్చిందనుకుంటే 35 మీద 28 లక్షలే. అప్పుడు చేతినుంచి పెట్టుకోవాల్సింది 22 లక్షలు. లక్ష మిగుల్చుకోవడానికి పన్నెండు లక్షలు అదనంగా వెతుక్కోవడమన్న మాట. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. అతికష్టం మీద పది లక్షలు దాచుకున్న ఇల్లు ఈ మాట విన్న రోజున నిశ్శబ్దంగా ఆ ఫ్లాట్ మెట్లు దిగి వచ్చేస్తుంది. నల్లధనం గురించిన ఉపన్యాసాల్లో ఈ మెట్లు దిగే చప్పుడు వినపడదు.

వెనకటి తరం పుస్తకాల్లో ఈ పద్దు ఇలా ఉండేది కాదు. గుమాస్తానో, టీచరో, రైల్వే ఉద్యోగో ఊరి చివర 200 గజాల జాగా వాయిదాల మీద కొని, చుట్టూ హద్దురాళ్ళు పాతి, ఏళ్ళ తరబడి వదిలేసేవాడు. ఏ ఆదివారమో కుటుంబమంతా వెళ్ళి, అందులో మొలిచిన తుమ్మచెట్లను చూసి, వంటగది ఇక్కడ, తులసికోట అక్కడ అని చేతులతో గాలిలో గీసి తిరిగి వచ్చేవారు. ఇల్లు లేచేది రిటైరయ్యాక, గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికొచ్చాక. గృహప్రవేశం నాటికి పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడిపోయి, ఆ గదుల్లో మిగిలేది ముసలిదంపతులిద్దరే. ప్రభుత్వోద్యోగులకు ఇళ్ళ అడ్వాన్సు ఉండేది, కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కట్టిన ఎల్ఐజీ, ఎంఐజీ ఇళ్ళు కొందరికి దక్కాయి. మిగతా జీతగాళ్ళకు ఇంటి కోసం దీర్ఘకాలపు అప్పన్నదే కొత్త మాట. హెచ్.టి. పారేఖ్ 1977లో హెచ్‌డీఎఫ్‌సీ మొదలుపెట్టారు, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, 1989లో ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ వచ్చాయి. దాంతో వరుస తిరగబడింది. ముందు కాపురం, తర్వాత కట్టడం. అయితే పూర్తిగా తిరగబడిందా? పాతికేళ్ళు దాచి ఇల్లు లేపే పాత పద్ధతిలో ఒక ముక్క తెగకుండా అలాగే మిగిలిపోయింది, దాని పేరే మార్జిన్. 58 ఏళ్ళ మనిషి చేతిలో పడే మొత్తం లాంటిదాన్ని 35 ఏళ్ళ మనిషి ముందే తయారుచేసుకుని రమ్మంటారు. ఆ మనిషి కూడా చివరికి పీఎఫ్‌లోంచి ఇంటి కోసం తీసుకునే వీలును వాడుకుంటే, తండ్రి ముసలితనంలో చేసిన పనినే కొడుకు ముందుగా చేస్తున్నాడన్న మాట, తన ముసలితనాన్ని కాస్త కరిగించి.

ఈ పనికి తెలుగులో ఉన్న మాటలు ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతాయి. పొదుపు అన్నది బ్యాంకు గోడ మీది మాట, డ్వాక్రా సంఘాల మాట. భార్యాభర్తలు రాత్రి లెక్కలు చూసుకుంటూ అనుకునేది కాదు. మిగలడం అంటే ఖర్చులన్నీ పోగా ఉన్నది, అందులో మనిషి ప్రమేయం తక్కువ, నెల దయతలిస్తే మిగులుతుంది. కూడబెట్టడం అన్నది ఎక్కువగా డబ్బు పోగయ్యాకే వాడే మాట, అదీ ఇంకెవరి గురించో చెప్పేటప్పుడు. నెలనెలా జరిగే పనికి ఇళ్ళలో అలవాటుగా వాడే మాట దాచడం. డబ్బు దాచడానికీ, వస్తువును కనపడకుండా పెట్టడానికీ ఒకటే క్రియ. పోపుల డబ్బాలో మెంతుల కింద నోటు పెట్టినా, తెలంగాణ ఇళ్ళలో మట్టి గురిగిలో చిల్లర వేసినా, ఆ డబ్బు ముందు కళ్ళకు కనిపించకుండా పోవాలి. ఎవరి కళ్ళకు? చుట్టాల కళ్ళకని పైకి అనుకుంటారు. అయిదు లక్షలున్నాయని తెలిస్తే చేబదులు అడిగేవారు మూడో రోజుకే వస్తారన్నదీ అబద్ధం కాదు. కానీ ఎక్కువగా దాచాల్సి వచ్చేది దాచినవారి కళ్ళకే. యూపీఐ ఉన్న బ్యాంకు ఖాతాలో, జేబులోంచి ఫోను తీస్తే కనపడే నిల్వలో, ఏదీ దాగదు.

నెలకు 75,000 వచ్చే ఇంటిని తీసుకుంటే ఈ దాగుడుమూతలు అర్థమవుతాయి. అద్దె 15,000, చదువులు, తిండి, ప్రయాణం, మందులు, ఊరికి పంపేది పోగా 10,000 పక్కన పెట్టగలిగితే గొప్ప. రేపు 40 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 34,700. ఇక్కడ ఒక ప్రశ్న గుచ్చుకుంటుంది. అద్దే, దాచేదీ కలిపితే 25,000. మిగతా 9,700 ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్నదాంట్లోంచే వస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు, వస్తుంది కూడా. వాయిదా మొదలైన ఇంట్లో పాల ప్యాకెట్టు ఒకటి తగ్గుతుంది, దసరాకు ఊరికి రైల్లో స్లీపరు చాలంటారు, పట్టుచీర మరో ఏడాదికి జరుగుతుంది. వచ్చే డబ్బు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అయితే అప్పుడెందుకు రాలేదు ఆ 9,700? తేదీ లేదు కాబట్టి అనడం సులువు. కానీ ఆ సులువులో ఒక అనుమానం కూడా ఉంది. తేదీ వచ్చాక తగ్గినవాటిలో దుబారా ఎంత, అవసరం ఎంత? పిల్ల డ్యాన్సు క్లాసు మానేయడం ఏ ఖాతాలోకి వస్తుంది? లెక్కల పుస్తకంలో తగ్గిన పద్దు కనిపిస్తుంది గాని, తగ్గినప్పుడు ఇంట్లో ఎవరు మాట్లాడటం మానేశారో రాయరు.

తేదీ లేని డబ్బుకు తేదీ తగిలించే ఉపాయాల్లో తెలుగువారు ఎక్కువగా నమ్మింది చీటీని. 50 మంది, 50 నెలలు, నెలకు 10,000 చొప్పున 5 లక్షల చీటీ అనుకుందాం. నెలకో పాట. అవసరం ముదిరినవాడు ఎక్కువ వదులుకుని పాడతాడు. ఒకాయన 1,25,000 వదులుకుని పాడాడంటే చేతికి 3,75,000 వస్తుంది. వదిలినదాంట్లోంచి, చీటీ మొత్తం మీద 5 శాతం కమీషన్ కింద 25,000 నిర్వాహకుడికి పోగా మిగిలిన లక్షను 50 మందికి పంచితే తలా 2,000, కాబట్టి కట్టేది 8,000 చాలు. పాడకుండా చివరిదాకా ఆగినవారికి కమీషన్ పోను పూర్తి సొమ్ము దక్కుతుంది. ఇల్లు కొందామనుకునేవారు ఆగే జాతి. కూతురి పెళ్ళి ఉన్నవాడు, దుకాణంవాడు ముందే పాడుకునే జాతి. ఒకరి తొందర ఇంకొకరి ఓపికకు వడ్డీ కడుతుంది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీకి రిజిస్ట్రారు అనుమతి ఉండాలి, నిర్వాహకుడు ముందుగా హామీ సొమ్ము కట్టాలి. 2019 సవరణ కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది, చీటీకి ‘ఫ్రాటర్నిటీ ఫండ్’ అన్న పెద్దమనిషి పేరు కూడా తగిలించింది. వీధిలో ఆ పేరు పలికినవారు లేరు. చీటీ బలమంతా సిగ్గులో ఉంది. వాయిదా తప్పితే తెలిసిన 49 మందికి తెలుస్తుంది, జామీను ఉన్న తోడల్లుడికి ఫోను వెళుతుంది. ఆ సిగ్గే ఇరుగుపొరుగు నడిపే, ఏ కాగితమూ లేని ఇంటి చీటీల్లో ఆయుధంగానూ మారుతుంది: పదేళ్ళుగా తెలిసిన మనిషి కదా, రసీదు ఎలా అడుగుతాం? ఒకనాటి పొద్దున ఆ తలుపుకు తాళం వేలాడుతూ కనిపిస్తే, మూడేళ్ళ ‘ఇల్లు’ పద్దు మొత్తం వెనక్కి తిరిగిరాదు.

పోస్టాఫీసు ఆర్డీలో ఆ భయం లేదు, ఆ సిగ్గూ లేదు. వాయిదా తప్పితే జరిమానా నూటికి నెలకు ఒక్క రూపాయి. 10,000 కట్టనందుకు వంద రూపాయలు! ఇంత చిన్న శిక్షకు ఎవరు భయపడతారు? వరసగా నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుందన్న నియమం ఉంది గాని, నాలుగు నెలలు చాలా దూరం. ఏజెంటుగా ఇంటింటికీ తిరిగే ఆవిడ ప్రతినెలా అదే రోజున గుమ్మంలోకి వచ్చి, మంచినీళ్ళు తాగి, పాస్‌బుక్కు చేతిలో పెట్టుకుని కూర్చుంటుంది చూడండి, ఆర్డీని నిలబెట్టేది అది. బంగారం సంగతి వేరు. ఇంటి కోసమని గాజులు కొంటే కొన్నప్పుడు 3 శాతం జీఎస్టీ, మజూరీ; అమ్మేటప్పుడు తరుగు. ఈ మధ్య ధరలు పెరిగిన తీరు చూశాక ఆ నష్టాలు ఎవరికీ గుర్తులేవు. అసలు నష్టం ఏమిటంటే ఆ గాజులు ఒకసారి పేరంటానికి వెళ్ళొచ్చాయంటే ఇక ఇంటి డబ్బు కాదు. వాటిని అమ్మే ధైర్యం ఉండదు, తాకట్టు పెడతారు. తాకట్టు అప్పు సిబిల్ రిపోర్టులో కనిపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకుని బ్యాంకు గృహరుణం తగ్గించవచ్చు.

ఇన్ని చేసినా అడుగు పద్దులోంచి డబ్బు బయటికి పోతూనే ఉంటుంది, పోయే ప్రతిసారీ కారణం న్యాయమైనదే. మామగారి కంటి ఆపరేషను, ఇంటరు చేరిక, ఊళ్ళో అన్నదమ్ముల పంపకాల ఖర్చు. ‘ఈ ఒక్కసారికి’ అని ప్రతిసారీ అంటారు. ఒక నియమంలా పెట్టుకుని ముట్టుకోకూడదని చెప్పే పుస్తకాలకు కొదవలేదు. కానీ కంటి ఆపరేషను ముందు ఇంటి డబ్బు ముట్టుకోనివారిని చుట్టాలు మెచ్చుకుంటారా, వారైనా తమను తాము మెచ్చుకుంటారా? బిగువు బడ్జెట్ ఉన్న ఇంట్లో ఆ డబ్బు రెండు పనులు చేస్తోంది: ఇల్లవుతోంది, ఇల్లయ్యేలోగా ఆరోగ్యబీమా లేనిచోట బీమా కూడా అవుతోంది. రెండో పనికి వేరే పద్దు ఉంటే తప్ప మొదటిది నిలవదు. వేరే పద్దుకు డబ్బు వేరే కావాలి. ఇక్కడ లెక్క చుట్టూ తిరిగి మొదటికి వస్తుంది.

ఇంతలో ఇల్లు కూడా ఊరుకోదు. నెలకు 10,000 చొప్పున అయిదేళ్ళు ఆర్డీ కడితే, 2023 అక్టోబరులో నిర్ణయించిన 6.7 శాతం రేటున చేతికొచ్చేది దాదాపు 7,13,000. కట్టింది 6 లక్షలు, వడ్డీ 1,13,000. ఆ అయిదేళ్ళలో ఫ్లాట్ ధర ఏడాదికి 5 శాతమే పెరిగిందనుకున్నా 50 లక్షలది 63,80,000 అవుతుంది. జీఎస్టీ వదిలేసి, అందులో అయిదో వంతు, 7.5 శాతం రిజిస్ట్రేషను కలిపితే 17,55,000. మొదటి రోజున ఇదే మొత్తం 13,75,000. దాచినదానికి వడ్డీగా లక్షా పదమూడు వేలొస్తే, దాచాల్సింది మూడు లక్షల ఎనభై వేలు పెరిగింది. బస్సు వెనక పరిగెత్తేవాడికి బస్సు ఆగకపోవడం కాదు బాధ, డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడేమోనన్న అనుమానం. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉన్నవారికి వడ్డీ రాయితీ 1,80,000 దాకా ఉంది. అయితే అది అయిదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాలోకి చేరుతుంది. గుమ్మం దాటాక చేయూత. గుమ్మం ఎక్కడానికి కాదు.

పరుగు అలసటగా మారిన ఇలాంటి వేళలోనే ‘ప్రీ లాంచ్’ వస్తుంది. ఇంకా పునాది కూడా తియ్యని చోట, మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే ధర సగానికి దగ్గరగా. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టు నమోదు కాకుండా అమ్మకూడదు, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ రెండు వాక్యాలు తెలిసినవారు కూడా పడుతున్నారంటే అత్యాశ అని తేల్చేయడం అన్యాయం. ఆ ప్రకటనలో వారిని లాగింది తక్కువ ధర ఒక్కటే కాదు, ‘ఈ నెల 30 వరకే’ అన్న మాట. ఏళ్ళ తరబడి తేదీ లేకుండా ఉన్న డబ్బుకు ఎవరో ఒక తేదీ చెప్పారు.

సవ్యంగా జరిగే చోట వరుస ఇలా ఉంటుంది. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), లింకు డాక్యుమెంట్లు లాయరు చూస్తాడు, బయానా ఇస్తారు, అగ్రిమెంటు రాసుకుంటారు, బ్యాంకు మనిషి వచ్చి ఇంటి విలువ కడతాడు. అప్పు మంజూరు ఉత్తరం వచ్చాక, తమ వాటా తాము కట్టిన రసీదు చూపితే గాని బ్యాంకు తన వాటా విడుదల చేయదు. ఆ వారంలో ఆర్డీ మూస్తారు, చీటీ పాడతారు, పీఎఫ్‌కు దరఖాస్తు పెడతారు, ఇంకా తగ్గిన లక్షా నలభై వేలకు ఫోన్లు చేస్తారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రలు పడి, ఫోటో దిగి, బయట చెట్టు కింద టీ తాగేటప్పటికి, ఏళ్ళుగా దాచినదంతా ఎవరి ఖాతాలోకో వెళ్ళిపోయి ఉంటుంది. మరుసటి నెల లెక్కల పుస్తకంలో ‘ఇల్లు’ అన్న మాట అడుగునుంచి లేచి అద్దె ఉన్న చోట కూర్చుంటుంది, పక్కన 34,700, తేదీతో సహా. అడుగున ఖాళీ అయిన గీత కింద కొత్తగా ఒక పద్దు పడుతుంది: ‘బావగారి చేబదులు, 1,40,000’. ఎప్పటిలోగా అని ఆయన అడగలేదు.